బ్యాడ్జీని ఒకసారి వెనక్కి తిప్పి కూడా ఫోటో తీయండి

సంపాదకులు గారికి నమస్కారం అండి.

నేను పాలకొల్లులో లేత్ షాపు నడిపి ఇప్పుడు పని మా అబ్బాయికి అప్పజెప్పి ఇంటి దగ్గర ఉంటున్నాను. మీ పేపర్ ముప్పై ఏళ్ళ నుంచి వేయించుకుంటున్నాం కానీ ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పోయిన ఆదివారం జిల్లా పేజీలో నేవీలో పనిచేసొచ్చిన కోనసీమ పెద్దాయన ఒకరి గురించి వేసారు కదండి, చాలా బాగుంది, అలాంటివాళ్ళ గురించి రాసేవాళ్ళే కరువైపోయారు, రాసిన విలేకరి గారికి నా నమస్కారాలు చెప్పండి. ఒక్క విషయం మాత్రం చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. ఆ ఫోటోలో మనవరాలి అరచేతిలో ఉన్న బ్యాడ్జీ కింద "రెండో ప్రపంచ యుద్ధంలో తాతగారు పెట్టుకున్న బ్యాడ్జీ" అని వేసారు. నేను భూతద్దం పెట్టి చూసాను. లంగరు ఉంది, దాని మీద మూడు సింహాలు ఉన్నాయి. సింహాలున్న బ్యాడ్జీ యుద్ధంలో ఉండే అవకాశమే లేదండి. సింహాలు వచ్చింది 1950 జనవరి 26న, ముందు రోజు దాకా మన నేవీ పేరు రాయల్ ఇండియన్ నేవీ, బ్యాడ్జీ మీద ఉండేది కిరీటం. 1947 ఆగస్టు 15కి దేశం జెండా మారింది కానీ ఆ తర్వాత ఇంకో రెండున్నర ఏళ్ళు టోపీల మీద కిరీటం అలాగే ఉంది.

ఆ పెద్దాయన యుద్ధంలో లేరని నేను అనట్లేదు, దయచేసి అలా అనుకోవద్దు. మీ కథనంలో ఆయన యుద్ధం అయిపోగానే ఇంటికొచ్చేసారని రాసారు. ఆ బ్యాడ్జీ నిజంగా ఆయనదే అయితే ఆయన 1950 దాటాక కూడా నేవీలోనే ఉన్నారన్నమాట, అంటే ఇంట్లోవాళ్ళకి తెలియని సర్వీసు ఇంకా నాలుగైదేళ్ళు ఉందన్నమాట. వేలెడంత బ్యాడ్జీ మీద కిరీటమా సింహమా అనే చిన్న తేడా ఒక మనిషి జీవితంలో ఇన్నేళ్ళ లెక్క మార్చేస్తుంది, అందుకే ఈ ఉత్తరం.

కిరీటం ఉంటే చాలు యుద్ధం నాటిదే అనుకోవడం కూడా పొరపాటేనండి. కిరీటాల్లో రెండు రకాలు చూడాలి. రాజుల కాలం నాటిది ట్యూడర్ క్రౌన్ అంటారు, దాని వంపులు గుమ్మటంలా గుండ్రంగా లేస్తాయి. ఎలిజబెత్ రాణి వచ్చాక 1953 నుంచి వాడింది సెయింట్ ఎడ్వర్డ్స్ క్రౌన్, దాంట్లో వంపులు రెండు పక్కలా పైకి లేచి నడిమధ్యలో గుంట పడతాయి, ఆ గుంటలో చిన్న గోళం, దాని మీద శిలువ కూర్చుంటాయి. మనం 1950లోనే కిరీటం తీసేసాం కాబట్టి గుంట కిరీటం బ్యాడ్జీ ఇండియన్ నేవీ మనిషికి ఎప్పుడూ ఇవ్వలేదు. అది మన ఊళ్ళో ఎవరింట్లో అయినా కనపడితే బ్రిటిష్ వాళ్ళదో, వాళ్ళ ఏలుబడిలో మిగిలిన ఇంకో దేశానిదో, ఎవరో విదేశీ ఓడ ఎక్కి తెచ్చుకున్నదో అయి ఉంటుంది. ఇంకో చిక్కు కొత్తగా వచ్చింది. 2022లో చార్లెస్ రాజు మళ్ళీ ఆ గుమ్మటం కిరీటమే ఎంచుకున్నాడు, ఇప్పుడు తయారయ్యే బ్రిటిష్ బ్యాడ్జీల మీద మళ్ళీ అదే వస్తోంది. కాబట్టి ముందు వైపు ఒక్కటే చూసి తేల్చే రోజులు పోయాయి, వెనక్కి తిప్పాల్సిందే.

నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్తాను. మా నాన్నగారి పెదనాన్న, అంటే నాకు పెదతాత, యుద్ధం రోజుల్లో నేవీలో చేరి 1946లో ఇంటికొచ్చేసాడు. ఎందుకొచ్చేసాడో ఎవరికీ చెప్పలేదట. ఆ ఏడాది ఫిబ్రవరి 18న బొంబాయిలో హెచ్.ఎం.ఐ.ఎస్. (హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్, అంటే రాజుగారి ఇండియన్ ఓడ) తల్వార్ అనే ఒడ్డు మీది నేవీ శిక్షణ కేంద్రంలో మొదలైన నావికుల తిరుగుబాటు సంగతి నేను పెద్దయ్యాక చదువుకున్నాను, ఆయన ఉన్నప్పుడు అడగాలని తెలియలేదు. ఆయన ఇల్లు గోదావరి లంకలో ఉండేది. 1986 ఆగస్టు వరదకి ట్రంకు పెట్టె మూడు రోజులు నీళ్ళలో ఉంది. నీళ్ళు తీసాక మా వాళ్ళు పెట్టె బోర్లించి, బట్టలు ఎండేసి, ఇత్తడిది ఏదుంటే అది పాతసామాన్లవాడికి తూకానికి ఇచ్చేసారు. వాళ్ళని తప్పు పట్టను, ఆ వారం ఇంట్లో బియ్యం గింజ లేదు. కానీ ఆ తూకంలో వెళ్ళిపోయిన వాటిలో చుట్టూ తాడు అంచు, పైన కిరీటం, అడుగున ఏదో జంతువు బొమ్మ ఉన్న గుండ్రటి ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేదని మా అమ్మ చెప్పేది. అది ఓడ బ్యాడ్జీ అండి. బ్రిటిష్ పద్ధతిలో ప్రతి యుద్ధనౌకకీ ఒక బ్యాడ్జీ ఉంటుంది, చుట్టూ తాడు, పైన తెరచాపలతో చేసిన నౌకా కిరీటం, దాని కింద ఓడ పేరు. మొదట్లో పెద్ద యుద్ధనౌకలకి గుండ్రంగా, క్రూయిజర్లకి ఐదు మూలలుగా, డెస్ట్రాయర్లకి డాలు ఆకారంలో, మిగతావాటికి డైమండ్ ఆకారంలో చేసేవారు, యుద్ధం రోజుల్లో పోరాట నౌకలన్నింటికీ గుండ్రటిదే ఖాయం చేసారు. పెదతాత పనిచేసిన ఓడ పేరు ఆ బిళ్ళ మీద ఉంది. మా అమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు, బొమ్మ గుర్తుంది పేరు గుర్తులేదు.

మిగిలింది నాలుగు గుడ్డముక్కలు, ఒక గుండీ. రెండు గుడ్డ బ్యాడ్జీల మీద మూడు రెక్కల బొమ్మ ఉంది. మా ఇంట్లో అందరూ దాన్ని సీలింగ్ ఫ్యాన్ అనుకున్నారు, పెదతాత ఓడలో కరెంటు పని చేసాడని చెప్పుకునేవాళ్ళం, నేను కూడా పదిమందికి అలాగే చెప్పాను. అది ఫ్యాను కాదు, ఓడ వెనక నీళ్ళలో తిరిగే ప్రొపెల్లర్. ప్రొపెల్లర్ గుర్తు స్టోకర్లది, అంటే బాయిలర్ల దగ్గర, ఇంజన్ రూములో వేడిలో పనిచేసేవాళ్ళది. కరెంటు పని అనుకున్న మనిషి నిజానికి నిప్పుల దగ్గర నిలబడ్డాడని నాకు యాభై ఏళ్ళు దాటాక తెలిసింది. అడ్డంగా పెట్టిన రెండు జెండాలుంటే సిగ్నల్ వాళ్ళు, రెక్కలూ మెరుపూ ఉంటే వైర్లెస్ టెలిగ్రాఫ్ వాళ్ళు, ఫిరంగి ఉంటే గన్నర్లు, టార్పెడో ఉంటే టార్పెడో పనివాళ్ళు, ఆరు మూలల చుక్క మధ్యలో అక్షరం ఉంటే వంటవాళ్ళూ రైటర్లూ స్టోర్లవాళ్ళూ. ఇవి కుడి చేతి మీద కుట్టుకునేవి. ఎడమ చేతి మీద హోదా ఉంటుంది, తాడు చుట్టుకున్న ఒక లంగరు అయితే లీడింగ్ రేట్, అంటే మామూలు నావికుడి కంటే ఒక మెట్టు పైన, అడ్డంగా రెండు లంగర్లు పైన కిరీటం అయితే పెటీ ఆఫీసర్, అంటే ఇంకో మెట్టు పైన. మన రాయల్ ఇండియన్ నేవీ వేషమంతా బ్రిటిష్ నేవీ పద్ధతే కాబట్టి గుర్తులు కూడా అవే.

ఆ రెండు ప్రొపెల్లర్లూ ఒకలా లేవు. ఒకటి ముదురు నీలం ఉన్ని గుడ్డ మీద ఎర్ర దారం, ఇంకోటి తెల్ల నూలు గుడ్డ మీద నీలం దారం. ఎర్రది మామూలు నీలం యూనిఫాం మీదకి, నీలంది ఎండ దేశాల్లో వేసే తెల్ల బట్టల మీదకి, ఇవి కాక మంచి డ్రెస్ మీదకి బంగారు జరీది వేరే ఉంటుంది. ఇంతవరకూ నేను చదివి తెలుసుకున్నదే. అసలు సంగతి చెప్పింది మా మేనత్త. ఆవిడది నర్సాపురం, చిన్నప్పట్నుంచీ లేసు అల్లి ఇల్లు గడిపిన మనిషి, ఇప్పుడు చూపు తగ్గింది కానీ వేళ్ళు తగ్గలేదు. నేను రెండూ ఆవిడ ఒళ్ళో పెడితే ముందు వైపు చూడనేలేదు, బోర్లా తిప్పి బొటనవేలితో రుద్ది చూసింది. "ఒరేయ్ అబ్బాయ్, ఈ ఎర్రది మిషన్ మీద కుట్టింది, పైన ఎర్ర దారం కింద నల్ల దారం, రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి చూడు, కుట్టు కుట్టుకీ దూరం ఒక్కటే. ఈ తెల్లది చేత్తో కుట్టింది, ఇదిగో ఇక్కడ ముడి, ఒక రెక్క నుంచి ఇంకో రెక్కకి దారం తెంపకుండా వెనక నుంచి లాక్కొచ్చాడు, దారం మిగుల్చుకోవడం తెలిసినవాడు" అంది. మూడు రెక్కల్లో ఒకటి కాస్త లావుగా ఉందని కూడా ఆవిడే చూపించింది, నేను పదిసార్లు చూసి పట్టుకోలేకపోయాను. ఇంకోటి చెప్పింది. తెల్లదాని అంచు చుట్టూ సూది బెజ్జాలు రెండు వరసలు ఉన్నాయట, "ఒక చొక్కా మీద నుంచి విప్పి ఇంకో చొక్కా మీద వేసారు" అంది. అంటే బ్యాడ్జీ ఒకటే ఉంది, చొక్కా చిరిగితే బ్యాడ్జీ మార్చి కుట్టుకున్నాడు.

దీని వెనక కారణం కూడా ఉందండి. యుద్ధం మొదలైనప్పుడు మన నేవీలో నిండా రెండు వేల మంది కూడా లేరు, అయ్యేసరికి ముప్పై వేలకి చేరింది. అంతమందికి ఇంగ్లండు నుంచి ఓడల్లో బ్యాడ్జీలు తెప్పించి పంచడం అయ్యే పనేనా, రేవు పట్నాల బజార్లలో దర్జీలు కూర్చుని కుట్టి ఇచ్చారు. అందుకే ఒకే స్టోకర్ బ్యాడ్జీకి ఇన్ని రకాలు, మిషన్ కుట్టు, చేతి కుట్టు, రెక్క సన్నం, రెక్క లావు, గుడ్డ మందం, పల్చన. చాలామంది ఇంగ్లండు మిషన్ కుట్టే అసలైనదనీ మన బజారు కుట్టు నకిలీ అనీ పక్కన పడేస్తారు. నాకు ఈ మాట వింటే చాలా బాధేస్తుంది. వేసుకున్నవాడి చెమట పట్టిన బజారు కుట్టే అసలు, మన సైలర్ల బ్యాడ్జీల్లో వెతకాల్సింది దాన్నే.

ఇంకో రెండు గుడ్డముక్కల్లో ఒకటి మంచి నడవడికకి ఇచ్చే వి ఆకారం పట్టీ, ఒకే ఒక్కటి. మూడేళ్ళకి ఒకటి, ఎనిమిదేళ్ళకి రెండు, పదమూడేళ్ళకి మూడు ఇచ్చేవారు. ఈ లెక్క తెలిస్తే మీ ఇంట్లో ఫోటో చూసే చెప్పేయొచ్చు. తాతగారి చేతి మీద రెండు పట్టీలుండి పైన కిరీటం ఉందంటే ఆయన యుద్ధానికి ముందే చేరి ఉంటారు, లేదా యుద్ధం అయ్యాక కూడా చాన్నాళ్ళు ఉండిపోయారు, యుద్ధం మధ్యలో చేరి 1946లో వచ్చేసినవాళ్ళకి రెండు పట్టీలు రావు. మా పెదతాతకి ఒకటి ఉంది, అంటే 1943 నాటికే చేరి ఉండాలి. ఇంట్లో అందరం 1945లో చేరాడని చెప్పుకుంటూ వచ్చాం.

నాలుగోది టోపీ రిబ్బను. నల్ల పట్టు మీద బంగారు దారంతో హెచ్.ఎం.ఐ.ఎస్. అని ఉంది, ఓడ పేరు లేదు. నేను చాలాకాలం అది సగం చిరిగిపోయిందనుకున్నాను, వెనక చూస్తే అంచులు రెండూ బాగానే ఉన్నాయి. శత్రువుకి ఏ ఓడ ఏ రేవులో ఉందో తెలియకూడదని యుద్ధం రోజుల్లో టోపీ మీద ఓడ పేరు తీసేసి మొదటి అక్షరాలు మాత్రమే ఉంచారు. పేరు లేకపోవడమే దానికి యుద్ధకాలం ముద్ర. ఈ ముక్క తెలియక, పేరు లేదు కదా పనికిరాదని పడేసినవాళ్ళు నాకే ఇద్దరు తెలుసు.

ఇక ఇత్తడి సంగతి. రెండేళ్ళ కిందట ఆన్‌లైన్ లో రాయల్ ఇండియన్ నేవీ గుండీల సెట్టు అని పెడితే 1,800 రూపాయలు పోసి కొన్నాను, నాలుగు గుండీలు. పెట్టెలో దొరికిన గుండీ పక్కన పెడితే బొమ్మ అచ్చం అదే, తాడు చుట్టుకున్న లంగరు, పైన గుమ్మటం కిరీటం, అంచున తాడు. కానీ చేతిలో బరువు తేడా అనిపించింది. లేత్ పనిలో సన్నటి కొలతలు తీసే వెర్నియర్ పెట్టాను. మా గుండీ 22.6 మిల్లీమీటర్లు, కొన్నవి నాలుగూ 22.2. పోత పని తెలిసినవాళ్ళకి ఇది చాలు, కరిగిన ఇత్తడి చల్లారితే నూటికి ఒకటిన్నర, రెండు వంతులు ముడుచుకుంటుంది, అసలుదాన్ని ఇసకలో ఒత్తి ఆ గుంటలో పోత పోస్తే వచ్చేది ఎప్పుడూ కాస్త చిన్నదే అవుతుంది. అయినా నమ్మకం కుదరక పెరవలి దగ్గర అజ్జరం తీసుకెళ్ళాను. ఇత్తడి అంటే అజ్జరం అని గోదావరి జిల్లాల్లో ఎవరికి చెప్పక్కర్లేదు. అక్కడ ఒక ముసలి మేస్త్రి రెండూ రెండు చేతుల్లో పట్టుకుని నేల మీద టకటకమని కొట్టి "ఇదేంటండీ బాబూ, ఇది రేకు పని, అది పోత పని, రెండూ ఒకటని మీకెవరు చెప్పారు" అన్నాడు. మా గుండీ ముందు రేకు ఒకటి, వెనక రేకు ఒకటి, ఉక్కు అచ్చులో కొట్టి అంచు మడిచి నొక్కారు, వెనక చిన్న రింగు అతికారు, లోపల డొల్ల. కొన్నవి లోపలంతా నిండు ఇత్తడి, అంచున ఆకురాయి గీతలు, కిరీటం వంపుల సందుల్లో ఇసక గుల్లలు. మా గుండీ వెనక ఫర్మిన్, లండన్ అని తయారీదారు పేరు సన్నటి అక్షరాల్లో కూడా ఉంది, కొన్నవాటి వెనక అక్షరాలు పోతలో సగం మూసుకుపోయి వేలిముద్రలా ఉన్నాయి. మేస్త్రి డబ్బులు తీసుకోలేదు, కాఫీ ఇప్పించి పంపాడు.

ఈ వెనక చూసే పద్ధతి నేను కనిపెట్టిందేం కాదు. జర్మన్ సబ్‌మెరైన్ బ్యాడ్జీలు సేకరించేవాళ్ళు దీన్ని చాలా దూరం తీసుకెళ్ళారు. 1939 అక్టోబర్ 13న పెట్టిన ఆ బ్యాడ్జీ ముందు వైపు అందరు తయారీదార్లదీ దాదాపు ఒకటే, మొదట్లో ఇత్తడి జాతి లోహం, యుద్ధం ముదిరి లోహాలకి కరువొచ్చాక జింకు, వెనక పిన్నీసు సన్నమా లావా, కొక్కెం ఎలా వంచారు, కీలు ఎక్కడ అతికారు, వీటితోనే ఎవరు చేసారో ఏ ఏడు చేసారో చెప్తారు. 1957లో అక్కడ చట్టం తెచ్చి స్వస్తిక తీసేసిన రకం వేరే చేయించారు, పాత సైనికులు పెట్టుకోవడానికి. ఇంత శ్రద్ధ వాళ్ళ వస్తువుల మీద ప్రపంచమంతా పెడుతుంటే మన లంకల్లో ట్రంకు పెట్టెల్లో ఉన్నవాటి మీద మనం ఒక్క పూట పెట్టలేమా అండి.

గోదావరి పేరుతోనే ఒక ఉదాహరణ చెప్తాను. గోదావరి అనే యుద్ధనౌకలు మూడు. మొదటిది హెచ్.ఎం.ఐ.ఎస్. గోదావరి, 1943లో ఇంగ్లండులో నీళ్ళలోకి దించిన స్లూప్, అంటే చిన్న కాపలా యుద్ధనౌక, దేశ విభజనలో అది పాకిస్తాన్ వాటాకి పోయి సింధ్ అని పేరు మార్చుకుంది. రెండోది ఐ.ఎన్.ఎస్. గోదావరి, 1953లో బ్రిటిష్ వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన పాత డెస్ట్రాయర్, అక్కడ దాని పేరు బెడేల్. మూడోది కూడా ఐ.ఎన్.ఎస్. గోదావరే, ఇది మన దేశంలోనే కట్టింది, 1983 డిసెంబర్ 10న చేరి 2015 డిసెంబర్ 23న రిటైర్ అయ్యింది. కాబట్టి గోదావరి పేరున్న వస్తువు దొరికితే, పైన బ్రిటిష్ అక్షరాలున్నాయా ఐ.ఎన్.ఎస్. ఉందా, కిరీటమా సింహాలా చూస్తే చాలు, మొదటిదానిదో తర్వాతవాటిదో తేలిపోతుంది. అప్పట్లో విశాఖలో నేవీ స్థావరం పేరు కూడా మనదే, హెచ్.ఎం.ఐ.ఎస్. సర్కార్స్, ఉత్తర సర్కారుల మీద పెట్టిన పేరు, గోదావరి జిల్లాలు అందులోవే కదా. ఆ పేరున్న రిబ్బను మన వైపు ఎవరింట్లోనైనా ఉంటే బంగారంలా దాచండి. అలాగే ముదురు నీలం గుడ్డ మీద ఎర్రగా లంగరు, డేగ, టామీ గన్ మూడూ కలిసిన బొమ్మ దొరికితే అది కంబైన్డ్ ఆపరేషన్స్ బ్యాడ్జీ, ఓడల మీద నుంచి సైన్యాన్ని ఒడ్డుకి దించిన వాళ్ళది.

నేవీ ఒక్కటే కాదండి, సరుకు ఓడల మీద వెళ్ళినవాళ్ళు మన వైపు ఇంకా ఎక్కువ. కోరంగి నుంచి, కాకినాడ నుంచి రంగూన్ వెళ్ళి వెళ్ళి అక్కడ తెలుగువాళ్ళందరికీ కోరంగీలు అనే పేరే పడింది. బ్రిటిష్ సరుకు ఓడల్లో యుద్ధం రోజుల్లో సుమారు నాలుగో వంతు మంది లాస్కర్లే, అంటే మన వైపు దేశాల ఓడ పనివాళ్ళే. యూనిఫాం లేని సరుకు ఓడల వాళ్ళ కోసం 1940లో ఎం.ఎన్. (మర్చంట్ నేవీ) అనే రెండు అక్షరాల చుట్టూ తాడు, పైన నౌకా కిరీటం ఉన్న చిన్న వెండి రంగు బ్యాడ్జీ ఇచ్చారు, కోటు బొత్తం బెజ్జంలో పెట్టుకోవడానికి. అది చూసి చిన్నపిల్లల బొమ్మ బ్యాడ్జీ అనుకుంటారు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీదా విశాఖ మీదా జపాన్ విమానాలు బాంబులేసిన సంగతి మన పెద్దవాళ్ళు చెప్పగా విన్నాం, అదే రోజు బర్మాలో అక్యాబ్ దగ్గర మన నౌక హెచ్.ఎం.ఐ.ఎస్. ఇండస్ ని కూడా విమానాలతో ముంచేసారు. ఆ యుద్ధంలో పోయి సముద్రమే సమాధి అయిన నావికులు, సరుకు ఓడల వాళ్ళు ఆరు వేలకి పైనే పేర్లు బొంబాయిలోనూ చిట్టగాంగ్ లోనూ ఉన్న స్మారకాల పుస్తకంలో ఉన్నాయి, కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళు ఆ పేర్లు ఇంటర్నెట్ లో ఉచితంగా పెట్టారు, తండ్రి పేరు ఊరు పేరుతో సహా కొన్ని దొరుకుతాయి. మీ ఇంట్లో ఎవరైనా ఓడెక్కి తిరిగి రాకపోతే ముందు అక్కడ వెతకండి.

చివరగా, మీ ఫోటోలో నాకు బాధనిపించింది ఇంకోటి ఉంది, బ్యాడ్జీ తళతళ మెరుస్తోంది. పేపర్ వాళ్ళు వస్తున్నారని చింతపండుతో తోమి ఉంటారు పాపం. చింతపండు పులుపు ఇత్తడిలో జింకుని తినేస్తుంది, పైన బంగారు పూత ఉంటే తోముడికి అదీ పోతుంది, చివరికి రాగి ఎరుపు తేలుతుంది. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి వదిలేయండి, నలుపు ఉంటే ఉండనీయండి. ప్లాస్టిక్ ఆల్బం కవర్లలో పెట్టకండి, మన సముద్రపు గాలి తేమకి ఆ కవరు జిడ్డు కక్కి పచ్చ చిలుము పట్టిస్తుంది, మందులతో వచ్చే సిలికా పొట్లం వేసి అట్టపెట్టెలో పెట్టుకోండి. గుడ్డ బ్యాడ్జీని సబ్బు నీళ్ళలో వేయొద్దు. నోట్లు చూసే నీలం లైటు కింద ఇప్పటి దారాలు తెల్లగా మెరుస్తాయి, పాత నూలు మెరవదు, కొనేటప్పుడు ఇది మంచి పరీక్ష, కానీ ఒక్కసారి డిటర్జెంట్ లో ఉతికారంటే పాతది కూడా మెరుస్తుంది, ఇక ఎవరికీ నిరూపించలేరు.

మీకు నా మనవి ఇదండి. ఆ ఫోటో కింద మాట సరిచేసి వేయండి, ఆయన సర్వీసు ఏళ్ళు వాళ్ళింట్లో ఇంకోసారి అడిగించండి, డిశ్చార్జి పుస్తకం ఎక్కడో బీరువాలో ఉండే ఉంటుంది. ఇక మీదట ఇలాంటి వస్తువు ఏదొచ్చినా ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి, పక్కన స్కేలు పెట్టి రెండు ఫోటోలు తీయమని మీ విలేకర్లకి చెప్పండి. వెనక ఫోటో పేపర్లో వేయడానికి చోటు లేకపోయినా ఆఫీసులో దాచిపెట్టండి. అంతర్వేది, నర్సాపురం, భైరవపాలెం, యానాం వైపు నుంచి ఎవరైనా పంపితే చూసి చెప్పడానికి నేను సిద్ధం, డబ్బులక్కర్లేదు, వస్తువు కూడా పంపక్కర్లేదు, ఫోటో చాలు.

మా గుండీ సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. స్టోకర్లు వేసుకునేది మెడ వెనక నలుచదరపు కాలర్ ఉండే సైలర్ చొక్కా, దానికి ఇత్తడి గుండీలు ఉండవు. బంగారు పూత గుండీలు పెటీ ఆఫీసర్ నుంచి పైవాళ్ళ కోటుకే ఉంటాయి. మా పెదతాత ఫోటో ఒక్కటే ఉంది, అందులో చొక్కా కాలరే కనిపిస్తోంది. కాబట్టి ఆ గుండీ ఆయనది కాదు. వెనక రింగులో ఇంకా రెండు పోగుల నల్ల దారం ఇరుక్కుని ఉంది, కోసిన దారం కాదు, తెగిన దారం, మా మేనత్త చూసి చెప్పింది. ఇంకెవరి కోటు నుంచో ఊడిన గుండీని ఆయన బొంబాయి నుంచి లంకకి తెచ్చి, నలభై ఏళ్ళు పెట్టెలో రిబ్బనులో చుట్టి దాచాడు. దాన్ని విడిగా చిన్న డబ్బాలో పెట్టి "ఇది పెదతాతది కాదు, ఆయన దాచినది" అని చీటీ రాసి ఉంచాను.

ఇట్లు,
మీ పాఠకుడు, లేత్ మేస్త్రి,
పాలకొల్లు.